పొట్టి బతికే ఉందని తేల్చిన మా సుభద్ర ఆంటీ

నిన్న పొద్దున ఆంటీ కూతురు మౌనిక ఫోన్ చేసి "అమ్మ పోయిందిరా" అంది.

"జోకులొద్దు" అన్నాను.

ప్రతి సీరియస్ విషయం మీదా జోకులేసినవాడికి పడాల్సిన శిక్ష అదే. నిజం చెప్తే నమ్మే బుర్ర మిగలదు.

గుండెపోటు. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే.

టెక్సాస్‌లోని మా ప్లేనోలో ఆంటీ చేతి భోజనం తినని తెలుగు స్టూడెంట్ లేడు. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఆవిడ రిటైర్డ్ సాఫ్ట్‌వేర్ టెస్టర్. రిటైరైంది ఉద్యోగం నుంచి మాత్రమే.

నేను జిరాఫీల మీద ఎమ్మెస్ చేస్తున్నానంటే పాట్‌లక్ భోజనాల్లో ఒక అంకుల్ "జిరాఫీ హెచ్‌వన్ వీసా స్పాన్సర్ చేస్తుందా బాబూ?" అన్నారు. అందరూ నవ్వారు.

ఆంటీ నా ప్లేట్‌లో ఇంకో గరిటె పులిహోర వేసి, "ఏదీ, ఫొటోలు చూపించు" అన్నారు.

అంతే. మా ల్యాబ్‌కి ఫ్రీగా ఒక టెస్టర్ దొరికింది.

కెన్యా నుంచి ఫీల్డ్ టీమ్ అడవి జిరాఫీల ఫొటోలు పంపిస్తుంది. ఏ జిరాఫీ మచ్చలు దానివే, మన వేలిముద్రల్లా. వయసుతో రంగు ముదరొచ్చు, డిజైన్ మాత్రం మారదు. అది పోల్చి ఎవరు బతికున్నారో, ఎక్కడ తిరుగుతున్నారో తేలుస్తాం.

పాత ఫొటోల్లో అప్పుడే పుట్టిన ఒక ఆడపిల్ల. ఆరడుగులు. నాకంటే ఎత్తు.

ఆంటీ దానికి పొట్టి అని పేరు పెట్టారు.

ఎడమ దవడ మీద నల్లటి మచ్చ. "చూశావా, వాళ్లమ్మ దిష్టిచుక్క పెట్టే కన్నది!"

ఆ తర్వాతి ఫొటోల్లో తల్లి ఒంటరిగా కనిపించింది. పొట్టి లేదు.

సింహాలు, హైనాలు, వేటగాళ్ల వైరు ఉచ్చులు. జిరాఫీ పిల్లల్లో చాలామంది మొదటి పుట్టినరోజు చూడరు. రెండేళ్లు కనపడకపోతే మా రూల్ ప్రకారం చనిపోయినట్టే. పొట్టికి ఆ గడువు దాటిపోయింది.

"బాడీ దొరికిందా?"

"లేదాంటీ."

"మరి బగ్ ఎట్లా క్లోజ్ చేస్తావురా? ఓపెన్‌లో పెట్టు."

"అది బగ్ కాదాంటీ, జిరాఫీ."

"ఏదైనా అంతే. ప్రూఫ్ లేకుండా నా చేతి మీదుగా ఏదీ క్లోజ్ అవ్వలేదు."

మా ప్రొఫెసర్ నవ్వింది. ఓపెన్‌లోనే ఉంచింది.

ఇంకో సంగతి. జిరాఫీకి కుడివైపు డిజైన్ వేరు, ఎడమవైపు వేరు. మేం పోల్చేది కుడివైపే. ఎడమవైపు ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో పడేస్తాం.

టెస్టర్‌కి అలాంటి ఫోల్డర్ చూపించకూడదు.

రోజూ భోజనం కాగానే ఆంటీ అది తెరిచి కూర్చునేవారు. "సీరియల్ చూసుకోవచ్చు కదమ్మా" అని మౌనిక గోల. "ఇందులో ట్విస్టులు బెటర్" అని ఆంటీ.

పోయిన అక్టోబర్‌లో గ్రోసరీ లైన్‌లో ఉండగా ఫోన్.

"ఒరేయ్! దొరికిందిరా మన పిల్ల! దవడ చూడు!"

జిరాఫీలుండే నేషనల్ పార్కుకి చాలా దూరంగా, హైవే అవతల పశువుల మేత భూముల్లో, ఎడమవైపు తిరిగి తుమ్మాకులు నములుతున్న ఓ పడుచు జిరాఫీ. మా ప్రొఫెసర్ పొట్టి చిన్నప్పటి ఎడమవైపు ఫొటోతో మెడ మీది మచ్చలన్నీ పోల్చింది. ఒక్కటీ తేడా రాలేదు.

పొట్టి బతికే ఉంది!

జిరాఫీలు హైవే దాటి అటు పోతున్నాయని మాకు తెలిసింది కూడా అప్పుడే. ఇప్పుడు రేంజర్లు అక్కడ కూడా తిరిగి ఉచ్చులు ఏరేస్తున్నారు. ప్లేనోలో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, చూడని అడవిలో ఎన్ని ప్రాణాలు కాపాడారో ఆంటీ.

ఆ శనివారం వాళ్లింట్లో పార్టీ. కేక్ మీద "పొట్టి ఈజ్ అలైవ్". హెచ్‌వన్ అంకుల్ రెండు ముక్కలు తిన్నారు. ఆంటీ నడుం మీద చేతులు పెట్టుకుని, వరల్డ్ కప్ గెలిచిన కెప్టెన్‌లా నిలబడ్డారు.

మౌనికా, మీ అమ్మ గెలిచి వెళ్లింది. మా డేటా అదే చెప్తోంది.

ఆంటీ, అడవిలో జిరాఫీలకి సరైన నిద్ర ఉండదు. కాసేపు కునుకు, అదీ ఎక్కువగా నిలబడే, సింహం కోసం ఓ చెవి తెరిచి పెట్టుకుని.

మీకా గొడవ లేదు. కాళ్లు చాపుకుని హాయిగా పడుకోండి.

కాపలా మేం కాస్తాం.