ఇంజన్ సల్లారేదాక

నా చిన్నప్పుడు మా బాయి కాడి ఆయిల్ ఇంజన్ పేలి, దాని ఇనుప చక్రం గాలిలోకి లేచి, పోయి పోయి ఇబ్రహీంపట్నం చెరువులో పడ్డదని నేను చాలామందికి చెప్పిన. సాగర్ రోడ్డు బస్సులో పక్క సీటు వాళ్లకు చెప్పిన. చాయ్ హోటల్ కాడ శేరిగూడ కాలేజీ పిల్లలకు చెప్పిన. నా పెండ్లిలో బామ్మర్దులను కూసోబెట్టి చెప్పిన. చెప్పిన ప్రతిసారీ చక్రం ఇంకో పది గజాలు దూరం పోయింది. ఇప్పుడు వయసు మీదపడ్డది కాబట్టి ఒప్పుకుంటున్న. చక్రం ఎక్కడికీ పోలేదు. ఇంజన్ పేలనూ లేదు. టిక్ అని చిన్న చప్పుడు వచ్చింది, అంతే. కానీ ఆ చప్పుడుకు నేను పడ్డ భయం మాత్రం చక్రమంత పెద్దది. అందులో ఎచ్చు లేదు, కలిపి చెప్పింది లేదు.

ఆ ఇంజన్ నడిపేది మా మేనత్త, మా బాపు చెల్లె. మొగడు పోయినంక మా ఇంటికి వచ్చి ఉండేది. బాయిల దాకా కరెంటు ఇంకా రాని రోజులవి. ఆ ఏడు చెరువు నిండక, మా యాసంగి వరి మొత్తం ఆ ఒక్క ఇంజన్ మీదే ఆధారపడ్డది. మొదట బాపు ఒక జీతగాన్ని పెట్టిండు. వాడు చెల్లె పెండ్లని పోయి పది రోజులైనా తిరిగి రాకపోయేసరికి, అత్త కొంగు నడుముకు చుట్టి, ఇంజన్‌ను తిప్పి లేపే ఇనుప హ్యాండిల్ పట్టింది. గట్టు మీద నిలబడ్డోళ్లు నవ్వినరు. "ఇయ్యాల ఇంజన్, రేపు రైలు గూడ తోల్తదేమో" అని ఒకాయన అంటే, "రైలు రానియ్యి, సూద్దం తీ" అన్నది అత్త. బాపు నవ్వలేదు, వద్దనలేదు. ఒక్క మాట మాత్రం అన్నడు: "దానికి ఏమన్న అయ్యిందంటే హ్యాండిల్ నా చేతికి రావాలె, చెల్లె." అప్పటి నుంచి ఆ హ్యాండిల్‌ను అత్త తన మంచం కింద పెట్టుకునేది. అంతకుముందు ఇంట్లో ఎవరు పిలిచినా మెల్లగా, గోడ పక్క నుంచి వచ్చే మనిషి, హ్యాండిల్ పట్టినంక వాకిట్లో నడిమి నుంచి నడిచేది.

ఇంజన్ నడుపుడు కంటే ఆపుడు కష్టమని ఆమె అనేది. పొద్దంతా నీళ్లు తోడిన ఇంజన్‌ను గబుక్కున ఆపితే దానితోపాటు పంపు ఆగుతుంది. పంపు ఆగితే, ఇంజన్ చుట్టూ తిరిగి వేడిని పట్టుకుపోయే నీళ్లు కూడా ఆగిపోతాయి. లోపలి ఇనుము మాత్రం పొయ్యి మీది పెంక లెక్క కాలుతూనే ఉంటుంది. అందుకే సాయంత్రం కాగానే అత్త ముందు రేసు తగ్గించేది. అప్పటిదాకా డబడబ కొట్టుకున్న ఇంజన్, ముసలోడు ఆగి ఆగి దగ్గినట్టు నెమ్మదించేది. పంపు నీళ్లలో కొన్ని సన్న గొట్టం గుండా ఇంజన్‌లోకి పోయి, వెచ్చబడి, ఇంకో పక్క నుంచి ధారగా కింద పడేవి. అత్త ఆ ధార కింద అరచెయ్యి పెట్టి, నన్ను పక్కన కూసోబెట్టుకొని కథ మొదలుపెట్టేది.

ఒక గొర్లకాపరి రాజుగారి ఏనుగును దొంగిలించిండు. దొంగతనం అల్కగనే అయింది, దాచుడే కాలేదు. గడ్డివాములో దాస్తే తొండం బయటికొచ్చింది. బాయిలో దించితే నీళ్లు పొంగి సగం ఊరు తడిసింది. ఒకనాడు పెండ్లి పందిట్లో చీర కట్టి నిలబెట్టి, మా వియ్యపురాలు అని చెప్పిండు. కథ మంచి పట్టు మీదున్నప్పుడు అత్త ధార కింది నుంచి చెయ్యి తీసి, డీజిల్ ఆపే మీట నొక్కి, "మిగిలింది రేపు" అని లేచేది. ఎంత బతిమాలినా ఇంకో ముక్క చెప్పేది కాదు. చలిరోజుల్లో కథ పొట్టిగా, ఎండలు ముదిరినంక పొడుగ్గా ఎందుకు ఉండేదో నాకు తెలియలేదు. నా ధ్యాస ఏనుగు మీద ఉండేది, ఆమె చెయ్యి మీద కాదు.

వరి పాలుపోసుకునే రోజులు వచ్చినయి. అప్పుడు తడి తప్పితే గింజ నిండదు, తాలు అయిపోతుంది. ఒకనాటి సాయంత్రం అత్త రేసు తగ్గించి కూసుంటుండగనే, ఇంటి నుంచి మా అమ్మ కేక వేసింది. బర్రె ఈనుతుంది, దూడ అడ్డం తిరిగిందట. అత్త లేచి ఉరుకుతూ నాకు చెప్పింది, "ఇంజన్ సల్లారినంక బంద్ చెయ్యి. ఏనుగు కథ నువ్వే చెప్పుకుంట కూసో."

నేను బుద్ధిగానే కూసున్న. ఏనుగును తీసుకుపోయి ఎక్కడ దాచాలా అని ఆలోచిస్తుండగ గట్టు మీద పిల్లలు ఉరుకుతూ కనబడ్డరు. సాగర్ రోడ్డు మలుపు కాడ పుచ్చకాయల లారీ బోర్ల పడ్డదట. మూడు లారీలని నేను ఎప్పుడూ చెప్తుంటా, ఒక్కటే. నా కాళ్లు ఆగలేదు. లేచి మీట నొక్కిన. ఇంజన్ ఆగింది. అప్పుడు గుర్తుకొచ్చింది, సల్లారాలె అన్నది కదా. సల్లార్చుడే పనైతే దానికి అంతసేపు ఎందుకు అనుకున్న. తొట్టిలో చల్లని బాయి నీళ్లున్నయి, పక్కన బకెట్ ఉంది. మొదటి బకెట్ ఇంజన్ నెత్తిన కుమ్మరిస్తే సుయ్యిమని ఆవిరి లేచింది. నా తెలివికి నేనే మురిసిపోయిన. రెండో బకెట్ పోసిన. అప్పుడు వచ్చింది ఆ టిక్.

లారీ కాడికి పోయేసరికి కాయలు లేవు. ఒక మేక ఆఖరి తొక్క నములుతూ నా దిక్కు చూసింది.

పొద్దున అత్త హ్యాండిల్ తగిలించి తిప్పబోతే అది కదలలేదు. వాల్వు ఎత్తిపట్టి, బలమంతా పెట్టి తిప్పింది. పొగ గొట్టంలో నుంచి పొగకు బదులు నీళ్లు చిమ్మినయి. ఆమె హ్యాండిల్ తీసి, ఇంజన్ నెత్తి మీద ఎండిన నీటి చారలను వేలితో తడిమింది. బోర్ల పడి ఉన్న బకెట్‌ను చూసింది. బాపు సైకిల్ మీద మిస్త్రీని తెచ్చేటందుకు ఇబ్రహీంపట్నం పోయిండు. అప్పుడు ఆమె రోజూ కూసునే చోటనే కూసొని, నన్ను పక్కకు పిలిచింది.

"నిన్న నేను పోయినంక ఏమైందో కథ చెప్పు. ఇంజన్ ఎట్లాగూ నడుస్తలేదు, మస్తు టైముంది."

నేను చెప్పిన. పొగ గొట్టంలో నుంచి తాటిమొద్దంత పాము వచ్చిందని, నేను బకెట్‌తో దాన్ని ఎదిరించిన అని చెప్పిన. అత్త "ఊ" అన్నది. ఆమె కాదన్నా, తిట్టినా ఆ పామును అట్లనే పట్టుకుందును. ఆమె వింటూ ఊ కొట్టింది, అంతే. నేను చెప్పుకుంట పోయినకొద్దీ పాము సన్నబడ్డది, తొండ అయింది, చివరికి బకెట్ ఒక్కటే మిగిలింది.

ఆమె బోర్ల పడ్డ బకెట్‌ను లేపి పక్కకు పెట్టింది. తర్వాత ఎండిపోయిన గొట్టం కింద నా అరచెయ్యి పెట్టించింది. "రోజూ ఈడ చెయ్యి ఎందుకు పెడ్తనో ఒక్కనాడన్న అడిగినవా? లోపటి ఉడుకు ఎంత దిగిందో ఈ నీళ్లే చెప్తయి. దాని తొవ్వన దాన్ని పోనియ్యాలె. మనం తరిమితే ఇనుమైనా పలుగుతది." మళ్లీ తనే అన్నది, "సల్లారాలె అన్న, ఎట్లనో చెప్పకపోతిని. సగం నాదే. మీ బాపుకు నువ్వు చెప్తవా?" నేను తల ఊపిన. "సరే. నేనైతే చెప్ప. గది నీ కథ."

మిస్త్రీ వచ్చి నట్లు విప్పి ఇంజన్ హెడ్డును బోర్లించిండు. బొటనవేలి గోటితో గీరి, వెంట్రుకంత పగులును బాపుకు చూపించిండు. "ఉడుకు మీద సల్లనీళ్లు పడ్డయి. ఇది పనికిరాదు, కొత్తది పట్నం నుంచి రావాలె. ఎవరు ఆపిన్రు నిన్న?"

గట్టు మీద అప్పటికే నలుగురు పోగైనరు. "గప్పుడే అనుకున్నం" అని ఎవరో గొణిగిండు. బాపు ఎవరినీ ఏమీ అడగలేదు. అత్త ఎదుటికి పోయి ఆయన చెయ్యి చాపిండు. అత్త హ్యాండిల్‌ను కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

నేను ఎప్పుడూ చెప్పే కథలో, ఇక్కడ నేను ఛాతీ విరుచుకొని ముందుకొస్తా. నిజానికి అప్పుడు నేను గడ్డివాము వెనక ఉన్న. తొండం బయటికి కనబడకుండ దాక్కున్న. అత్త నా కోసం వెతుకుతుందేమో, నా దిక్కు వేలు చూపిస్తుందేమో అని చూసిన. ఆమె చూడలేదు. ఖాళీ అయిన తన చేతులను ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డది. ఒకసారి కొంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. ఆ చేతులు చూడలేక బయటికొచ్చిన. "రెండు బకెట్లు నేనే పోసిన" అని నేను అన్న మాట మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. నా లాగు తడిసింది. అది బకెట్ నీళ్లేనని ఇన్నేండ్లు చెప్పుకున్న, కాదు.

బాపు చెయ్యి లేచింది. ఆ చేతిలో ఇనుప హ్యాండిల్ ఉన్న సంగతి ఆయన మరిచిండు. నాకు కదలబుద్ధి కాలేదు, కళ్లు కూడా మూసుకోలేదు.

అత్త పోయి ఆయన ముంజేతి మీద అరచెయ్యి పెట్టింది. గుంజలేదు, అదమలేదు, ఊరికే పెట్టింది. "అన్నా, యాదికున్నదా? నువ్వు వీనంత ఉన్నప్పుడు, కొత్త మోట బొక్కెనను కుక్కపిల్లకు ఇల్లు చేసినవు గద."

"ఇప్పుడు ఎందుకే అది" అన్నడు బాపు. పండ్లు కొరుకుతూ అన్నడు.

ఆమె ఆగలేదు. కుక్కపిల్ల ఏ రంగుదో చెప్పింది. బొక్కెన కనబడక వాళ్ల బాపు ఊరంతా ఎట్ల తిరిగిండో చెప్పింది. మధ్యలో ఎక్కడో లేని ఒక మేనమామను, ఒక పిల్లిని తెచ్చి కలిపింది. మిస్త్రీ కింద కూసొని బీడీ ముట్టించిండు. నేను మాత్రం మొదటిసారి కథను వదిలిపెట్టి ఆమె చెయ్యిని చూసిన. ఆ చెయ్యి బాపు ముంజేతి మీదనే ఉంది. దాని కింద బిగుసుకున్న నరాలు మెల్లమెల్లగా వదులైనయి. హ్యాండిల్ కొంచెం కొంచెం కిందికి దిగింది. అప్పుడు ఆమె చెయ్యి తీసింది. కథ సగంలోనే ఉంది.

బాపు చేతిలో ఉన్నదేమిటో అప్పుడే చూసినట్టు హ్యాండిల్ దిక్కు చూసిండు. దాన్ని ఇంజన్ గద్దె మీద పెట్టి, ఎడ్లను తెచ్చి పాత మోట కట్టేటందుకు పోయిండు. నన్ను కొట్టలేదు. అత్తకు హ్యాండిల్ ఇయ్యనూ లేదు.

నాలుగు రోజులు మోట తోలినం. పై మళ్లు దక్కినయి. చివరి మడికి నీళ్లు అందక తాలు పోయింది. ఆ మడి పక్క నుంచి నడవాల్సి వస్తే నేను చుట్టు తిరిగి పోయేవాన్ని. ఐదో రోజు మిస్త్రీ కొత్త హెడ్డు బిగించినంక, బాపు గద్దె మీది హ్యాండిల్ తీసి, అటుఇటు తిప్పి చూసి, నా చేతికిచ్చిండు. "పో, మీ అత్తకు ఇచ్చి రా." అది ఎంత బరువుందో ఆ రోజే తెలిసింది. ఆ సాయంత్రం అత్త రేసు తగ్గించి, ధార కింద నా చెయ్యి పెట్టించి, ఏనుగును వియ్యపురాలి చీరలో నుంచి బయటికి తీసింది.

తర్వాత కరెంటు మోటర్లు వచ్చినయి, ఇంజన్ పోయింది, అత్త పోయింది. ఆ బాయి ఉన్న చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతినరు. మా మనవడు అటు పక్క వెంచర్లలోనే మట్టి తవ్వే బండి నడుపుతాడు. దాంట్లో టర్బో అని ఒకటుందట. పని చేసి వచ్చిన బండిని కాసేపు నెమ్మదిగా నడవనియ్యకుండ ఆపితే, తిరుగుతున్న దానికి నూనె అందక కాలిపోతదట. వాడికి అన్నీ తెలుసు, ఓపికే లేదు. ఇంటి ముందుకు రాగానే చెయ్యి తాళం మీదికి పోతుంది. నేను కట్టె పొడుచుకుంట పోయి డోరు కాడ నిలబడి, "ఇయ్యాల ఏనుగును ఏడ దాచిండో తెలుసా" అంటా.

"ఇంకా దొరకలేదా తాతా అది" అని తిట్టుకుంటనే వాడు తాళం మీది నుంచి చెయ్యి తీస్తాడు. ఇంజన్ మెల్లగా నడుస్తుంటుంది. నేను మాట్లాడుతూ, పక్కన రేకు మీద అరచెయ్యి ఆనించి పెడతా. ఇంట్లో వాడికీ వాళ్ల నాయినకూ మాట మీద మాట పెరిగిన రోజైతే, చెయ్యి రేకు మీద కాదు, వాడి భుజం మీద పెడతా. అట్లాంటి రోజు ఏనుగుకు ఇంకో రెండు ఊర్లు ఎక్కువ తిరుగుడు తప్పదు.

చివరికి ఏనుగు ఏమైందో నాకు తెలుసని, ఒకనాడు చెప్తానని వాడితో అన్న. అది కూడా ఎచ్చే. అత్త నాకు చెప్పలేదు.