అన్నతో డిమ్‌సమ్‌కు పోయిన ఆదివారం

మా అన్న వరంగల్‌లో మిర్చి అడ్తి, అంటే కమీషన్ దుకాణం, నడిపేవాడు. రైతు తెచ్చిన బస్తాలోంచి ఒక కాయ తీసి, తుంచి, వాసన చూసి, కొసన కొరికి ధర చెప్పేవాడు. సీజన్‌లో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అదే పని. నోరు మండినప్పుడల్లా బుగ్గలో జర్దా పాన్ పెట్టేవాడు. ఆ పాన్ గురించి వదిన పోట్లాడని రోజు లేదు. నెక్కొండ నుంచి రైలెక్కి వచ్చినప్పుడల్లా నేనూ నాలుగు తిట్టేదాన్ని. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు చెల్లె, నా నోటికేమైంది" అని నవ్వేవాడు. చివరికి రోగం ఆ నోటికే వచ్చింది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి నాలుక సగం తీసేశారు. తర్వాత రోజూ కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. దాంతో నోట్లో తడి ఎండిపోయింది, దవడ సరిగ్గా తెరుచుకోవడం మానేసింది. మాట ముద్దముద్దగా వచ్చేది. అది వదినకు, నాకు, ఆయన కూతురికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఆయన్ను వదిలేసి "ఏమంటుండు?" అని మమ్మల్ని అడిగేవారు. ఒకాయన, తనకూ జర్దా అలవాటున్నవాడే, మంచం పక్కన కూర్చుని "జర నోరు కట్టుకుంటే అయిపోవు గద బావా" అని నీతులు చెప్పి పోయాడు. పుండు మీద కారం చల్లడమంటే అదే. ఆయన వాకిలి దాటాక నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అన్న అందరిలో తినడం మానేశాడు. వదిన జావో, మెత్తగా పిసికిన పెరుగన్నమో గిన్నెలో పెట్టిస్తే గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. లోపలి నుంచి దగ్గు వినబడేది. చాలాసేపటికి బయటికొచ్చి గిన్నె తానే కడిగేవాడు, ఎంత మిగిలిందో మేం చూడకుండా. మేం చూడనట్టే ఉండేవాళ్లం. కానీ చొక్కాలు వదులైపోతుంటే ఎవరి కళ్లు కప్పగలడు?

హనుమకొండలో మేం చూపించే డాక్టర్ మొహమాటం లేని మనిషి. మళ్లీ సోమవారం చూస్తానన్నాడు. "అప్పటికి నోటితో ఏదైనా సరిగ్గా మింగగలిగితే సరే. లేదంటే పొట్టకు రంధ్రం చేసి పైపు పెట్టాల్సిందే. ఆ తర్వాత మళ్లీ నోటితో తింటాడని నేను మాటివ్వను" అన్నాడు. అన్న తల దించుకుని విన్నాడు. ఇంటికొచ్చాక "పైపు వద్దు" అన్నాడు.

ఆయన కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. శనివారం వచ్చింది. అక్కడ స్నేహితులతో కలిసి ఆదివారాలు డిమ్‌సమ్ తినడానికి పోతుందట. అదేమిటో నాకు తెలియదు. ఫోన్‌లో బొమ్మ చూపించింది. వెదురు బుట్టలో, ఆవిరి మీద ఉడికిన తెల్లటి ముద్దలు. "నూనె లేదు, వేపుడు లేదు, మెత్తగుంటయి అత్తా. హనుమకొండల కొత్తగ తెరిచిండ్రు. డాడీకి నచ్చుతయేమో" అంది. వదిన ఫోన్ దగ్గరికి లాక్కుని చూసి, "ఓసి, గివి మన కుడుములే గదనే" అంది. ఆ మాటతో నాకూ ప్రాణం లేచొచ్చింది. వినాయక చవితికి మా అన్న కుడుములు ఎన్ని తినేవాడో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అడిగితే వద్దంటాడనుకున్నాం. "పోదాం" అన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా అడిగి వేసుకున్నాడు. జేబులో రెండు దస్తీలు పెట్టుకున్నాడు.

ఆ హోటల్ అంతా అద్దాలు, చల్లదనం. పక్క టేబుల్ మీద ఏదో మాంసం వాసనకు వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆర్డర్ తీసుకునే అతనికి హిందీ తప్ప రాదు. మా మేనకోడలు పిల్ల వెజ్ అని, బుట్ట కూడా వేరేది కావాలని, మాంసం ఉడికిన బుట్ట అసలే వద్దని ఒకటికి రెండుసార్లు చెప్పింది. అతను తలూపాడు. నిజంగా వేరే బుట్ట తెచ్చాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. ముందుగా చిన్న గిన్నెలో ఎర్రటి చట్నీ పెట్టి పోయాడు. అన్న దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసి, పెదవి విరిచి, "రంగు కలిపిండ్రు" అన్నాడు. ముగ్గురం ఒకేసారి నవ్వాం. ఎన్ని నెలలకో ఆయన తన పని గురించి మాట్లాడాడు.

బుట్ట మూత తీస్తే పొగలు. లోపల పలచటి తోలు కింద క్యారెట్, మొక్కజొన్న గింజలు కనబడుతున్నాయి. చూడ్డానికి ముద్దొచ్చేలా ఉన్నాయి. వదిన ఒకటి తీసి ఆయన ప్లేటులో పెట్టి, చెంచాతో నాలుగు ముక్కలు చేసింది, చేయబోయింది అనాలి. చెంచా కింద అది తెగలేదు. సాగింది. మా కుడుము ముట్టుకుంటే విరుగుతుంది. ఇది జిగురు. మెత్తనిదల్లా మింగుడు పడుతుందనుకున్నాం. జిగురు పదార్థాన్ని నోట్లో తిప్పి గొంతులోకి తోయాల్సింది నాలుకే అన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. నాలుక ఉన్నవాళ్లకు నాలుక చేసే పని ఏం తెలుస్తుంది?

"అది ఆగం చేస్తది, వద్దు అన్నా, సూప్ తెప్పిద్దాం" అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. దాన్నే చేత్తో ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అందరూ తినడం అయ్యేదాకా పంక్తిలోంచి ఎవరూ లేవరు. ఒకరు మధ్యలో లేస్తే మిగిలినవాళ్లు ఇంక ముద్ద ముట్టకూడదు. అందుకని నెమ్మదిగా తినేవాళ్ల కోసం మిగతావాళ్లు ప్లేటులో కాస్త ఉంచుకుని, కెలుకుతూ కూర్చుంటారు. ఆ రోజు ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ ముగ్గురం తలా ఒకటి మిగుల్చుకుని కూర్చున్నాం. అన్న దవడ కదులుతోంది. నీళ్లు తాగాడు, నీళ్లు పెదవి పక్కనుంచి చొక్కా మీదికి జారాయి. అంగిట్లో అతుక్కున్నట్టుంది, దస్తీ అడ్డం పెట్టుకుని వేలు లోపలికి పోనిచ్చాడు. దగ్గొచ్చింది. కళ్లల్లో నీళ్లొచ్చాయి. పక్క టేబుల్ మీది చిన్నపిల్ల నోరు తెరుచుకుని చూస్తుంటే తల్లి ఇటు చూడకుండా దాని మొహం తిప్పింది.

ఆదివారం కదా, తలుపు దగ్గర జనం ఎదురుచూస్తున్నారు. వెయిటర్ వచ్చి "హో గయా?" అని నా ప్లేటు మీద చెయ్యి వేశాడు. "నై హువా, జావ్" అన్నాను. నాకొచ్చిన హిందీ అంతే, కానీ నా మొహం చూసి అతను పోయాడు. వదిన ఆయన వీపు నిమురుతూ, ఎవరికీ వినబడకుండా ఏదో దండకం చదువుకుంటోంది. కూతురు ప్లేటు మీదికి తల వంచుకుని ఏడుస్తోంది. తనే తీసుకొచ్చానని దాని బాధ. దాని తప్పేముంది? ఆశ ఉన్నచోట అందరం తెలివితక్కువవాళ్లమే.

చివరికి అన్న ఆ ముక్కను దస్తీలోకి తీసేశాడు. దస్తీ మడతలు పెట్టాడు. ఇంకో దస్తీతో మూతి తుడుచుకున్నాడు. అప్పుడు మా ప్లేట్లను ఒక్కొక్కటిగా చూశాడు. తలా ఒకటి మిగిలి ఉంది.

"తినుండ్రి. లేద్దాం" అన్నాడు.

సోమవారం డాక్టర్ ఏమీ అడగకముందే తనే చొక్కా గుండీ విప్పి, "ఎక్కడ పెడ్తరు సార్?" అన్నాడు. ఆ ముద్ద మాట డాక్టర్‌కు అర్థం కాలేదు. పైపు గురించే అడుగుతున్నాడని నేనే చెప్పాల్సి వచ్చింది.

పైపు పెట్టి ఇంటికి పంపాక, అన్న తలుపేసుకోవడం మానేశాడు. మొదటి రోజు మధ్యాహ్నం నేను పప్పు, దొండకాయ కూర చేశాను. సెలవు పెట్టి ఆగిపోయిన కూతురితో సహా కింద చాపలు పరిచి కూర్చున్నాం. అన్న వచ్చి తన చోట, గోడ పక్కన, ఎప్పటిలాగే కూర్చున్నాడు. వదిన ముందు ఆయనకు పెట్టింది. పెట్టడం ఏముంది, పైపు పైకెత్తి పట్టుకుని సిరంజిలో జావ పోసింది. అది ఎక్కడా ఆగకుండా దిగిపోయింది. వదిన పైపు కడిగి, మూత పెట్టి, తనూ వచ్చి మా పక్కన కూర్చుంది. అన్న భోజనం అయిపోయింది. మేమింకా అన్నం కలుపుకోలేదు.

ఆయన లేవలేదు. మేం అయ్యేదాకా లేవడు, ఆయనకు పద్ధతి తెలుసు. చేతులు ఒళ్లో పెట్టుకుని మా కంచాల వైపు చూస్తూ కూర్చున్నాడు. పప్పు వాసన వస్తూనే ఉండి ఉంటుంది, ముక్కుకు ఏ జబ్బూ లేదు కదా. ఆయన ఎదురుగా దవడ ఆడించాలంటే నాకు చచ్చేంత సిగ్గేసింది. చిన్న చిన్న ముద్దలు చేసి నమలకుండానే మింగడం మొదలుపెట్టాను. తలెత్తి చూస్తే వదినా అదే చేస్తోంది, కోడలు పిల్లా అదే చేస్తోంది. ఎవరి నోరూ కదలడం లేదు. నీళ్ల గ్లాసులు మాత్రం లేస్తున్నాయి, దిగుతున్నాయి.

అన్న కాసేపు చూశాడు.

"నమిలి తినుండ్రి" అన్నాడు. "నాకేం తొందర లేదు."