తొమ్మిదేళ్ల కిందటి దుప్పి

ఓడ్విన్‌ని "ఎలా ఉన్నారు?" అని మాత్రం అడక్కూడదు. అడిగితే ఒంట్లో ఎలా ఉందో చెప్పడు. సంకలో ఉన్న ట్యాబ్ తీసి, బొమ్మలు గీయడంలో తానెంత ఎదిగాడో చూపిస్తాడు. తెర మీద ఎడమవైపు తొమ్మిదేళ్ల కిందట గీసిన బొమ్మ, కుడివైపు అదే బొమ్మ ఈ ఏడాది గీసింది. "అప్పుడు! ఇప్పుడు!" అంటాడు మన మొహంలోకి చూస్తూ. మెచ్చుకునేదాకా తను కదలడు, మనల్ని కదలనివ్వడు.

ముప్పై ఏళ్లు తనుండే దీవికీ ఎదుటి ఒడ్డుకీ మధ్య పడవ నడిపిన మనిషి. దిగిపోయే దారిలేక వినే జనానికి అలవాటుపడ్డాడు, పాపం.

కొట్టు నడిపే బోర్గిల్ ఒకసారి చేపలు తూస్తూ చిక్కింది.

"ఇదేంటయ్యా, బంగాళాదుంపా?"

"కాదు. సీల్. అప్పటిది."

"బంగాళాదుంపకి మీసాలొచ్చినట్టుంది. నా ఎడమకాలితో గీసినా ఇంతకన్నా బాగా వస్తుంది."

"అయితే మంగళవారం లైబ్రరీకి రా. కాలు మర్చిపోకు."

పళ్ల డాక్టరుదీ అదే గతి. ఆయన రెండు చేతులూ ఓడ్విన్ నోట్లో ఉండగా, ఓడ్విన్ తన పొట్టమీద ట్యాబ్ నిలబెట్టి వేలితో బొమ్మలు జరిపాడు.

"ఏంటివి, ఆరేసిన దుప్పట్లా?" అన్నాడు డాక్టరు.

"ఓండలు," అన్నాడు ఓడ్విన్, నోరు మూయకుండానే కొండలని చెప్పబోయి.

ఎవరిదో అంత్యక్రియలయ్యాక చర్చిలో కాఫీ తాగుతుంటే పాస్టరుగారి ముందు గొర్రె బొమ్మ తెరిచాడు. "ఇదా సమయం?" అని పాస్టరు కసిరాడు. కసిరి, తలతిప్పి మళ్లీ చూశాడు. "దీనికి ఐదు కాళ్లున్నాయే!"

"ఒకటి తోక."

వీళ్లందరి ఫిర్యాదులూ చివరికి లైబ్రేరియన్ సునీవాకే చేరేవి. మంగళవారం బొమ్మల క్లాసు ఆవిడదే మరి. "ఆ పెద్దమనిషికి కాస్త చెప్పమ్మా" అని అందరూ అనేవారు. మూడేళ్లుగా "నా ఎదుగుదల మీద ఒక ప్రదర్శన పెట్టవా తల్లీ" అని ఓడ్విన్ ప్రాణం తీస్తుంటే, పెడితేనైనా చల్లారతాడని ఆవిడ ఈ చలికాలం ఒప్పుకుంది.

ప్రదర్శన పెట్టిన మంగళవారం, క్లాసుకి అరగంట ముందు, పెద్ద తెర మీద మొదటి బొమ్మ వేసి చూసింది. తొమ్మిదేళ్ల కిందటి దుప్పి. దాని వెనక కొండ, కొండ కింద సముద్రం, సముద్రం మీద వంతెన.

వంతెన!

"ఓడ్విన్, ఇటు రండి. ఈ వంతెన తెరిచింది పోయిన వేసవిలో కదా?"

ఓడ్విన్ తెరవైపు చూశాడు. తలుపువైపు చూశాడు. "అరెరె," అన్నాడు.

"ఇది ఎప్పుడు గీశారు?"

"నిన్న."

సునీవా కుర్చీలో కూలబడింది. "సీల్?"

"అదీ అంతే. అన్నీ అంతే. నేను మొదట్నుంచీ ఇలాగే గీస్తాను తల్లీ, తొమ్మిదేళ్లలో రవ్వంత ఎదగలేదు. ఎదిగిందల్లా చెడగొట్టడంలోనే. అదేమన్నా తేలికనుకున్నావా? ఆ గొర్రె తోక కోసం వారం పట్టింది."

"ఎందుకండీ ఇదంతా?"

"బాగున్న బొమ్మ చూపిస్తే అబ్బా అంటారు, ఇంటికెళ్లిపోతారు. చెత్త బొమ్మ చూపిస్తే, ఇంతకన్నా నేనే నయం అని పెన్ను పట్టుకుంటారు."

సునీవాకి అప్పుడు వెలిగింది. బోర్గిల్ క్లాసులో చేరింది. డాక్టరు చేరాడు. పాస్టరు ముందు వరుసలో కూర్చుంటాడు. పన్నెండు మందిలో తను పిలవగా వచ్చినవాడు ఒక్కడూ లేడు.

"మరి ఈ దుప్పి ఎవరికి?"

"మాగ్నర్‌కి."

మాగ్నర్ పడవ మీద ఓడ్విన్‌తో పాతికేళ్లు పనిచేసిన ఇంజను మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో గీయబోయి, పోయిన వారం క్లాసులో పెన్ను విసిరికొట్టి వెళ్లిపోయాడు. ఇంకొక్కసారి వచ్చి చూడమని ఓడ్విన్ ఆరుసార్లు ఫోన్ చేశాడు. "వచ్చి, నీ బొమ్మలు చూసి నవ్విపోతాను, అంతే" అన్నాడట మాగ్నర్.

"వాడికి కళ్లు బాగానే ఉన్నాయి. వంతెన చూశాడంటే నా కొంప మునిగినట్టే."

బయట చేతికర్ర చప్పుడు వినబడింది.

బొమ్మ గీయడం నేర్పించడమే తప్ప ఎదుటివాళ్ల బొమ్మ మీద ఎన్నడూ చెయ్యి వేయని సునీవా, ట్యాబ్ లాక్కుని రబ్బరు గుర్తు నొక్కి వంతెన మీద రుద్దేసింది. కంగారులో వంతెనతోపాటు దుప్పి వెనక కాళ్లు రెండూ పోయాయి. సరిచేసేలోపు తలుపు తెరుచుకుంది.

మాగ్నర్ కర్ర మీద ఆనుకుని చాలాసేపు తెరవైపు చూశాడు.

"ఓడ్విన్."

"ఊఁ."

"ఇది దుప్పేనంట్రా?"

"అప్పటిది."

"వెనకాల ఏమీ లేదేంట్రా దీనికి? నిలబడుతుందా పడిపోతుందా?"

"నాకూ తెలీదురా. కొత్తలో అంతే."

మాగ్నర్ మూతి వంకరగా సాగింది. పక్షవాతం వచ్చాక నవ్వు అలాగే వస్తోంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఎడమచెయ్యి చాపాడు.

"పెన్నివ్వు. ముందు దీన్ని నిలబెడదాం."