ఉన్నది ఉన్నట్టు

నర్సంపేట నుంచి వరంగల్ వెళ్లే బస్సులో నా పక్కనున్నామె భర్త తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతని నోట్లోంచి చొంగ కారుతోంది. చొక్కా అంతా పురుగుమందు వాసన. పాలమూరు నుంచి పామాయిల్ తోటలో పనికి వచ్చారట. పొద్దున చెట్లకు మందు కొడుతూ పడిపోయాడట.

ఇంతలో ఆమెకు ఫోన్ వచ్చింది. తోట మేస్త్రి గొంతు నాకూ వినిపించింది. "కల్లు తాగి పడ్డడని చెప్పు. పురుగుల మందు మాటెత్తితే మీరంత షెడ్డు ఖాళీ చెయ్యాలె."

"ఏం చెయ్యాలె అక్కా? మేముండే షెడ్డుల మా ఊరోళ్లు ఇంకా ఉన్నరు, పిల్లలున్నరు," అందామె.

"డాక్టర్‌కు తెల్వకుంటె ఎట్ల చెల్లె?" అన్నాను. అనడం నాకు తేలికే. వరంగల్ దాకా అతని ఊపిరి వింటూనే ఉన్నాను.

దవాఖానకు నేనూ వెంట వెళ్లాను. "తాగిండా?" అన్నాడు డాక్టర్. ఆమె సంచిలోంచి మందు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"గిది కొడుతుంటె పడిండు సార్. మూతికి కట్టుకోను గుడ్డ గూడ ఇయ్యలే."

వెంటనే సూదిమందు ఇచ్చారు. ఆమె షెడ్డువాళ్లకు ఫోన్ చేసి అంతా చెప్పింది. సాయంత్రానికి అతను కళ్లు తెరిచాడు.

నేను బయటికి వస్తుంటే మందు కొడుతూ పడినాయన ఏడున్నడని అడుగుతూ షెడ్డులోని ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని, మూటలతో ఎదురయ్యారు.

"ఎల్లగొట్టిన్రా?" అని అడిగాను.

"లేదక్కా," అంది ముందున్నామె. "మేమే షెడ్డు ఇడిసిపెట్టి వచ్చినం. అది ఒక్కతే చెప్తే నమ్ముతరా?"