కన్యకమ్మ కారుకు పెద్ద చక్రాలు

ఆదోని షరాఫ్ బజార్ వెనక సందులో ఉండే కన్యకమ్మ కారు నడపడం నేర్చుకుందంటే అందుకు కారణం ఒక ఎద్దు.

ఆమె భర్త గురురాజ పత్తి మండీ నడుపుతాడు. వ్యాపారం కుదురుకున్న కాలంలో ముచ్చటపడి ఒక తెల్ల మారుతీ కారు, చిన్నది, కొన్నాడు. కొన్న వారంలోనే మార్కెట్ యార్డు గేటు దగ్గర ఎద్దు ఎదురొచ్చింది. గురురాజ బ్రేకు తొక్కి, కారు దిగి, తలుపు కూడా వేయకుండా నేరుగా ఇంటికి నడిచొచ్చేశాడు. ఎద్దు కొంచెంసేపు కారును చూసి, ముందు ఎడమ మడ్‌గార్డును ఒక్క కుమ్ము కుమ్మి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గురురాజ కారు తాళం ముట్టుకోలేదు. కారు చాలాకాలం గోనెపట్టా కింద పడుకుంది.

పట్టా తీసింది కన్యకమ్మే. మండీ లారీ నడిపే ఆదెప్పను పిలిచి, "నాకు నేర్పీప్పా" అంది. ఆదెప్పకు లారీ తప్ప వేరే బండి తెలియదు. లారీ ఎట్లా నేర్పాలో అట్లాగే నేర్పాడు. అందుకని కన్యకమ్మ ఈ రోజుకీ బయలుదేరేముందు కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూస్తుంది. మలుపు దగ్గర కిటికీలోంచి చెయ్యి మొత్తం బయటికి చాపుతుంది. ఎవరైనా అడ్డమొస్తే "రైట్, రైట్" అని తనకు తానే చెప్పుకుంటుంది. బజారులో మగవాళ్ళు మొదట నవ్వారు. ఆమె వెనకకు తీసేటప్పుడు ఒకసారి చూశాక నవ్వడం మానేసి పక్కకు జరగడం మొదలుపెట్టారు.

ఆమెకు ముగ్గురు చెల్లెళ్ళు. ముగ్గురినీ ఆదోనిలోనే ఇచ్చారు. చీరలు కొనాలన్నా, చుట్టాలను చూడాలన్నా, ఊరికే బుద్ధి పుట్టినా అక్క కారెక్కి ఎమ్మిగనూరు పోవడం వాళ్ళ అలవాటు. ముగ్గురూ వెనక సీట్లో సర్దుకుంటారు, ఒళ్ళో స్టీలు డబ్బాలు. కారు ముసలిదైపోయింది, వెనక స్ప్రింగులు మెత్తబడ్డాయి. దారిలో వేసిన ప్రతి స్పీడ్ బ్రేకరూ కారు కడుపుకు తగిలి బర్రుమని గీసుకునేది. దాంతో ఒక పద్ధతి పెట్టుకున్నారు. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే చెల్లెళ్ళు డబ్బాలతో సహా దిగుతారు. కన్యకమ్మ ఖాళీ కారును దాటిస్తుంది. వాళ్ళు నడిచొచ్చి మళ్ళీ ఎక్కుతారు.

ఈ పద్ధతి బాగానే సాగింది. ఒకరోజు కోటేకల్లు దగ్గర అట్లాగే ముగ్గురూ దిగి నిలబడ్డారు. వెనకొస్తున్న బస్సు డ్రైవరు, పాపం, వీళ్ళు బస్సు కోసమే నిలబడ్డారనుకుని ఆపాడు. తలుపు తెరుచుకుంది. చిన్న చెల్లెలు హేమ ఏదో మాట్లాడుతూ, తెరుచుకున్న తలుపు కనిపించింది కదా అని ఎక్కేసింది. కండక్టరు విజిలేశాడు. కారు కన్నా ముందే ఎమ్మిగనూరు చేరిన హేమ, బస్టాండు బయట డబ్బా పట్టుకుని నిలబడి, "యాడ పోయినార్రా మీరంతా? ఎంతసేపని కాసుకోవల్ల?" అని ఎదురు కోప్పడింది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కన్యకమ్మ చెప్పింది.

"ఏమండీ, కారుకు పెద్ద చక్రాలు ఏపిస్తా."

"ఎత్తు కావల్లంటే దిండేసుకోని కూర్చోరాదా?" అన్నాడు గురురాజ.

"దిండేసుకుంటే నేను లేస్తా. కారు లేస్తాదా?"

గురురాజ మజ్జిగ పోసుకున్నాడు.

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీదే యేసేపు టైర్ల కొట్టు ఉంది. యేసేపు భారీ మనిషి. చాలా ఏళ్ళు ట్రాక్టరు టైర్లతోనే బతికినవాడు కావడంతో చిన్నవి ఆయన కళ్ళకు ఆనవు. కన్యకమ్మ కారు చుట్టూ తిరిగి చూసి, "ఇవి చక్రాలా అక్కా? గాజులు!" అన్నాడు. ఆయన భార్య మేరి మాత్రం వంగి, కారు కింద చెయ్యి పెట్టి కొలిచింది.

"ఒక్క సైజు పెంచితే సాలక్కా. వెనక స్ప్రింగులు మారిస్తే సగం ఎత్తు ఆడే వస్తాది" అంది మేరి.

"నువ్వుండు మేరీ. అక్క ఇంత దూరం వచ్చింది ఒక్క సైజుకా?" అన్నాడు యేసేపు.

టైరు పక్కన ఉన్న అంకెలేమిటని కన్యకమ్మ అడిగింది. మేరి వేలు పెట్టి చూపించింది. మొదటిది నేల మీద ఆనే వెడల్పు, రెండోది పక్క గోడ ఎత్తు, చివరిది లోపలి ఇనుప చక్రం కొలత.

"ఓ, ఇది పన్నా, ఇది అంచు. అట్ల సెప్పు మరి!" అంది కన్యకమ్మ. అంతటితో ఆమెకు టైర్ల కొట్టు చీరల కొట్టయిపోయింది.

చెప్పులు విడిచి, బల్ల మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది. చెల్లెళ్ళు ముగ్గురూ పాత లారీ టైర్ల మీద కూర్చున్నారు. యేసేపు ఒక్కొక్క టైరే దొర్లించుకొచ్చి ముందు పడేస్తున్నాడు. కన్యకమ్మ దూదిని చూసినట్టు రెండు వేళ్ళతో రబ్బరును నలిపి చూస్తుంది, వాసన చూస్తుంది, తిప్పి వెనకవైపు చూస్తుంది.

"అంచు బాగుండాది గానీ ఒళ్ళు బాగలేదప్పా. ఇంకోటి తియ్యి."

"ఇది సూడక్కా, వానలో జారదు."

"డిజైను మరీ ముసలోళ్ళది. ఇంకోటి."

"అక్కా, ఆ పైనుండేది తియ్యమను" అంది హేమ.

యేసేపు నిచ్చెనెక్కి తీశాడు. గట్టి టైరు, మందమైన పక్క గోడ, పైన గోపురాలు వరసగా పేర్చినట్టు లోతైన గాట్లు. నలుగురు అక్కచెల్లెళ్ళూ ఒక్కసారే "ఆ!" అన్నారు.

"గోపురం అంచు!" అంది కన్యకమ్మ.

"అది జీపుకు ఏసేదక్కా" అంది మేరి.

"కారేమన్నా వద్దంటాండాదా?" అన్నాడు యేసేపు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఆ టైర్లకు సరిపడే ఇనుప చక్రాలు వేరే పాత కారువి ఆయన దగ్గరే ఉన్నాయి. బోల్టుల రంధ్రాలు కలిశాయి. సాయంత్రానికి బిగించేశాడు. రోడ్డు మీద నేరుగా కొంతదూరం పోయి, నేరుగా వెనక్కి వచ్చి, "పువ్వు మాదిరి పోతాంది" అన్నాడు. పక్కకు తిప్పి చూడాలని ఆయనకూ తట్టలేదు, వాళ్ళకూ తట్టలేదు. స్టీరింగు బరువెక్కిందని మాత్రం కన్యకమ్మ గమనించింది. కొత్త సరుకు కదా అనుకుంది.

తిరుగు దారిలో ఆ కారు వైభవం చూడాల్సిందే. కోడిపిల్లకు ఒంటె కాళ్ళు అతికించినట్టు ఉంది. స్పీడ్ బ్రేకర్లు వచ్చాయి, పోయాయి, ఎవరూ దిగలేదు. కోటేకల్లు దగ్గర చెల్లెళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళు ఆటోలను పైనుంచి కిందికి చూడటం అదే మొదటిసారి.

ఆదోనిలోకి వచ్చాక మొదటి ఎడమ మలుపులో కన్యకమ్మ స్టీరింగు పూర్తిగా తిప్పింది. గర్ర్‌ర్‌మని ఒక అరుపు.

"అక్కా, కింద ఏదో పడినాది! మేకనో ఏమో!" అంది హేమ.

దిగి చూస్తే మేక లేదు. ఎద్దు కుమ్మిన మడ్‌గార్డు సొట్ట లోపలికి పొడుచుకుని ఉంది, కొత్త టైరు దాన్ని ఒరుసుకుంటోంది. రబ్బరు కాలిన వాసన. కుడికి తిప్పి చూసింది, చప్పుడు లేదు. మామూలుగానే మనకు ఎడమ మలుపులు ఇరుకు, కుడి మలుపులు విశాలం. కాబట్టి ఇంటికి కుడి మలుపులతోనే పోవాలని కన్యకమ్మ నిర్ణయించింది.

కష్టం ఏమిటంటే, ఆమె ఇంటి సందుకు ఎడమకే తిరగాలి. కుడికి తిరగాలంటే అవతలి వైపు నుంచి రావాలి, అంటే మార్కెట్ యార్డు మొత్తం చుట్టి రావాలి. చుట్టి వచ్చింది. సందు మొగలో ఆటో ఒకటి నిలబడి ఉంది. మళ్ళీ చుట్టింది. ఆటో పోయి, ఆ చోటికి పత్తి లారీ వచ్చింది. మళ్ళీ చుట్టింది.

యార్డు గేటు దగ్గర బొరుగుల ఒగ్గాని బండి పెట్టుకునే హుసేనమ్మ ఇదంతా చూస్తోంది. ఎత్తైన తెల్ల కారు, అందులో నలుగురు ఆడవాళ్ళు, యార్డుకు కుడిచేతి వైపుగా ప్రదక్షిణం. ఒగ్గాని తింటున్న రైతులతో ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"మొక్కు తీర్చుకుంటాండాదప్పా సేట్ గారి భార్య. పత్తి రేటు కోసరం."

"అట్లనా!" అని ఒక ముసలి రైతు తినే ప్లేటు పక్కన పెట్టి, కారు దాటుతుంటే దండం పెట్టాడు. పక్కవాళ్ళూ పెట్టారు. కన్యకమ్మకు రెండు చేతులూ ఖాళీ లేవు, తల ఊపింది. మండీ అరుగు మీద కూర్చున్న గురురాజకు భార్య పోవడం కనిపించింది. ఇంకాసేపటికి మళ్ళీ కనిపించింది. మూడోసారి లేచి నిలబడి చెయ్యెత్తాడు.

"ఏమే, యాడికి?"

"ఇంటికే!" అని అరిచి ఆమె దాటిపోయింది.

చివరికి కారును హుసేనమ్మ బండి పక్కనే వదిలేసి నలుగురూ నడిచి ఇల్లు చేరారు. కన్యకమ్మకు ఆ పూట నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది. టైర్లను నలిపి చూసింది, వాసన చూసింది. స్టీరింగు తిప్పి చూడమని మాత్రం అడగలేదు. లారీ నేర్చుకున్న తనకు ఆ మాత్రం తెలియదా అని ఉక్రోషం. రెండు దోసెలు తక్కువ తింది.

మరునాడు ఆదెప్పను పక్కన కూర్చోబెట్టుకుని, వీలైనంతవరకు కుడికే తిరుగుతూ, ఎమ్మిగనూరు చేరింది. యేసేపు మడ్‌గార్డు సొట్టను సుత్తితో సాగగొట్టాడు. అయినా ఒరుసుకుంది. కన్యకమ్మ వంగి, టైరు మీద ఒరుసుకున్న గుర్తును వేలితో తడిమింది. అది చూసి ఆయనకు ఇంకా సిగ్గేసింది.

"తప్పు నాదే అక్కా. ఆ టైరును సూస్తే నాకు మనసు నిలవదు."

"నాకు మాత్రం నిలిచినాదా?" అంది కన్యకమ్మ.

మేరి అప్పటికే తాను మొదట చెప్పిన టైర్లను దొర్లించుకొస్తోంది. మామూలువి, ఒక్క సైజు పెద్దవి, గాట్లు సాదాగా ఉన్నవి. స్ప్రింగులు కొత్తవి వేశారు. ఈసారి స్టీరింగును చివరిదాకా ఎడమకూ చివరిదాకా కుడికీ తిప్పి, వెనక సీట్లో యేసేపునూ ఆదెప్పనూ కూర్చోబెట్టి గుంతల్లో ఎగరేసి మరీ చూసింది కన్యకమ్మ. ఎక్కడా చప్పుడు లేదు, యేసేపు తల పైకప్పుకు తగిలినప్పుడు తప్ప. గోపురం అంచు టైర్లను ఆయన మళ్ళీ పైకెక్కించాడు.

ఆ వారం పత్తి రేటు కాస్త లేచింది. ఎందుకు లేచిందో మండీవాళ్ళకే తెలియదు, హుసేనమ్మకు మాత్రం తెలుసు. కన్యకమ్మ కూరగాయలకు వస్తే రైతులు కారు చుట్టూ చేరారు.

"అమ్మా, ఇంకో మూడు సుట్లు తిరగమ్మా."

"ఇప్పుడు ఎడమకూ తిరుగుతాంది నాయనా, సుట్లతో పనిల్యా" అని ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఒక్క చుట్టు తిరిగింది. హుసేనమ్మ ఒగ్గాని పొట్లం, రెండు మిరపకాయ బజ్జీలు కిటికీలోంచి లోపల పెట్టింది.

కారు ఇప్పుడు ఇంకా దూరపు ఊళ్ళకూ పోతోంది. మొన్న అక్కచెల్లెళ్ళు పత్తికొండ మార్కెట్టుకు పోయి రెండు బుట్టలు టమాటాలు తెచ్చారు. ఒక బుట్ట డిక్కీలో పట్టింది, రెండోది వెనక సీట్లో వాళ్ళ ఒళ్ళో. ఊరగాయ పెడదామని హేమ, ఎండబెట్టి ఒరుగులు చేద్దామని మిగిలిన ఇద్దరూ. కారు ఏ రాయికీ తగలకుండా నిమ్మళంగా పోతుంటే లోపల ఆ గొడవ ఆస్పరి దాటినా తెగలేదు. కన్యకమ్మ మాత్రం వెనక్కి చెయ్యి చాపి ఒక పండు తీసుకుని, చీర కొంగుకు తుడుచుకుని, కొరుక్కుంటూ నడిపింది.