పాపకు చెప్పిన ప్లీడరు కథ

పాప పుట్టాక నాకు భయపడటం తప్ప వేరే పని లేకపోయింది. నిద్రలో ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వేలు తీసిన మరుక్షణం మళ్లీ అనుమానం. నా అవస్థ చూడలేక మా ఆయన పాప పడుకునే క్రిబ్ పైన గోడకు చిన్న కెమెరా బిగించాడు. వంటింట్లో ఉన్నా ఫోన్‌లో పాప కనిపిస్తుంది. నేను మాత్రం ఆ గది వదలలేదు.

పాప పొద్దున తొమ్మిదింటికి నిద్రపోయేది. చలికాలం. మేముండే నేపర్‌విల్ అంతా మంచుతో తెల్లగా, చప్పుడు లేకుండా ఉండేది. దూరంగా చికాగో వెళ్లే రైలు కూత ఒకటి వినిపించేది, అంతే. నాకు వచ్చిన జోలపాటలు రెండు. మూడో రోజుకి పాపకు కాదు, నాకే విసుగొచ్చింది. అప్పుడు ఏమీ అనుకోకుండానే ప్లీడరు కథ మొదలుపెట్టాను.

నేను డిగ్రీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివాను. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో రాజుకు మతి చెడి, కొడుకు ఆయన పేరు మీద పాలించిన రోజులున్నాయి. రీజెన్సీ కాలం అంటారు. ఆ పాఠం విన్న నాటి నుంచే ఒక కుర్ర ప్లీడరు నా తలలో ఉండిపోయాడు. పగలంతా సీనియర్ గదిలో కూర్చుని ఎవరెవరివో వీలునామాలకు నకళ్లు రాస్తాడు. సాయంత్రం పాడైన చిత్తుకాగితాల వెనకవైపు తన నవల రాసుకుంటాడు. రచయిత కావాలని ఉందని ఎవరితోనూ అనలేదు. ఎవరికీ అనుమానం రాకుండా ఆ కాగితాలను కూడా కేసు కట్టల్లాగే ఎర్ర నాడాతో కట్టి అలమరలో పెడతాడు.

నేనూ ఎవరితోనూ అనలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మనిషి ఇంట్లో కూర్చుని నవల రాస్తానంటే ఏమంటారోనని.

రాకింగ్ చెయిర్‌లో ఊగుతూ గుసగుసగా చెప్పేదాన్ని. ఒక్కోసారి మా కిటికీ అద్దం మీది మంచుకీ, అతని కిటికీ బయట లండన్ పొగమంచుకీ తేడా తెలిసేది కాదు. పాప కళ్లు మూతలు పడేవి, తర్వాత నావీ పడేవి. రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ తెరిస్తే పొద్దున చెప్పినదాంట్లో సగం గుర్తుండేది కాదు. మంచి సగమే పోయిందని అనిపించేది.

ఒకరోజు కథలో ప్లీడరు పొరపాటు చేశాడు. రెండు కట్టలకూ ఒకే ఎర్ర నాడా. తొందరలో నవల కట్టను కోర్టుకు పంపేశాడు, కేసు కాగితాలు అలమరలో ఉండిపోయాయి. తర్వాత ఏం జరగాలో నాకు తోచలేదు. అప్పటికి నా లీవు ఇంకా రెండు వారాలే ఉంది. డేకేర్ ఫారాలు టేబుల్ మీద పడి ఉన్నాయి. ఇక ఈ పిచ్చి చాలనుకుని, మర్నాటి నుంచి వాన చప్పుడు చేసే మెషిన్ పెట్టి పాపను పడుకోబెట్టాను. రాసుకున్న నలభై పేజీలూ శనివారం చెరిపేద్దామనుకున్నాను.

శుక్రవారం మా అత్తగారు వీడియో కాల్ చేశారు. గుంటూరు కోర్టులో ముప్ఫై ఏళ్లు స్టెనోగా చేసి రిటైరయ్యారు. వీసా అపాయింట్‌మెంట్ దొరక్క మనవరాలిని ఇంకా ఎత్తుకోలేదు. పాప టీకాల గురించి, నా నడుము నొప్పి గురించి అడిగారు. తర్వాత అసలు మాట ఎత్తారు.

"అమ్మాయ్, ఆ ప్లీడరు కట్ట ఏమైంది? నాలుగు రోజులనుంచీ వాన చప్పుడే వస్తోంది."

నాకు అప్పుడు కెమెరా గుర్తొచ్చింది. పాపను చూసుకుంటారని మా ఆయన ఆవిడ ఫోన్‌ను కూడా కెమెరాకు కలిపాడు. నన్ను అడిగాడు, నేనే సరేనన్నాను. బొమ్మ కనిపిస్తుందనుకున్నాను గానీ మాటా వినిపిస్తుందని తట్టలేదు. మా తొమ్మిది గంటలంటే అక్కడ రాత్రి భోజనాలైన వేళ. నెలన్నరగా ఆవిడ టీవీ కట్టేసి నా కథ వింటున్నారు.

ఏదో పాప పడుకుంటుందని చెబుతున్నానండీ అత్తయ్యా, అని సర్దబోయాను. ఆవిడ వినిపించుకోకుండా పక్కనుంచి ఒక నోటుపుస్తకం తీసి ఫోన్‌కు ఎదురుగా పట్టుకున్నారు. పేజీ నిండా షార్ట్‌హ్యాండ్. మంచు మీద పిచ్చుకలు నడిచినట్టు సన్నని గీతలు.

"చేతికి అలవాటు, ఊరుకోదు. మధ్యలో నిద్రపోతావు కదా, మర్చిపోతావేమోనని రాశాను. చివర్లో మాటలు మింగేస్తావు. అక్కడ ఖాళీ వదిలాను."

చదవమని అడగకుండానే చదివారు. కొవ్వొత్తి ఆర్పాక కూడా ప్లీడరు వేళ్లకు సిరా తడి తెలుస్తూనే ఉందట. ఆ వాక్యం నేను చెప్పినట్టు నాకు గుర్తే లేదు. కోర్టులో వాంగ్మూలం చదివినట్టు ఎత్తుపల్లాలు లేకుండా చదివారు. అయినా ఎవరో రచయిత రాసింది వింటున్నట్టే ఉంది. నాకు ఏడుపొచ్చింది. పాపను సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

"ఆ కట్ట జడ్జి దాకా పోదు. పేజీ నంబర్లు లేని కాగితాన్ని బెంచ్ క్లర్కే తీసి పక్కన పెడతాడు. కానీ చదువుతాడు. మేమందరం చదివేవాళ్లం. అది సరే గానీ, మీ ప్లీడరుకి కేసులు లేవా? ఎప్పుడు చూసినా కిటికీ దగ్గరే నిలబెడతావు."

కేసులు కూడా ఇస్తానన్నాను. పేజీలు చెరిపేద్దామనుకున్న మాట మాత్రం చెప్పలేదు. శనివారం వచ్చింది, వెళ్లింది. నలభై పేజీలూ ఉన్నాయి. ఆవిడ గీతల్లోంచి చదివి పంపిన వాయిస్ మెసేజ్‌లు వింటూ పోయిన సగాన్ని రాత్రిళ్లు టైపు చేసుకున్నాను.

ఆఫీస్‌కి వెళ్లిన మొదటి రోజు సాయంత్రం పాప ఒంటి మీద నాకు తెలియని సబ్బు వాసన వేసింది. రోజంతా ఎవరు ఎత్తుకున్నారో. ఏడున్నరకు రాకింగ్ చెయిర్‌లో కూర్చున్నాను. గుంటూరులో తెల్లవారి ఏడు, కాఫీ వేళ. కెమెరా మీద చిన్న పచ్చ దీపం వెలుగుతోంది. వేలు పాప ముక్కు దగ్గర పెట్టి చూసి, తీసి, మొదలుపెట్టాను. కోర్టు నుంచి కట్ట తిరిగొచ్చింది. అదే ఎర్ర నాడా, ముడి మాత్రం వేరేవాళ్లు వేసింది. పైన ఒక చీటీ ఉంది. అందులో, మిగతాది ఎక్కడ, అని మాత్రమే రాసి ఉంది.

మాటలు మింగకుండా, ఒక చెయ్యి రాసుకోగలిగినంత నెమ్మదిగా చెప్పాను.