కుక్క బొమ్మ లేని సంచి

నారాయణప్పది అనంతపురం. మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, మియాపూర్‌లో ఒక షెడ్డు కిరాయికి తీసుకుని కుక్కలకు చిరుతిళ్లు చేయడం మొదలుపెట్టాడు. కోడిమాంసాన్ని సన్నగా కోసి, ఉప్పూ కారం లేకుండా ఎండబెట్టిన తునకలవి. గచ్చిబౌలిలో కొత్తగా తెరవబోతున్న పెంపుడు జంతువుల దుకాణం మొదటి ఆర్డరు ఇచ్చింది. ప్రారంభం వేళకు సరుకు అందకపోతే ఆ చోటు వేరే కంపెనీకి పోతుంది. ఇక తేల్చుకోవలసింది సంచి ఒక్కటే.

సంచులమ్మే ప్రవీణ్ కూకట్‌పల్లి నుంచి నమూనాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. "లోపల ఈ వెండిరంగు పొర ఉంటే తేమ చేరదండి. పైన చక్కగా కుక్క బొమ్మ వేద్దాం. గులాబీ రంగు బాగుంటుందండి" అన్నాడు.

"గులాబీ వద్దప్పా. తెలంగాణ ఉద్యమంలో చేరినాడని మా ఊర్లో తిడతారు."

"పోనీ పసుపు?"

"పసుపేస్తే ఇక్కడ తంతారు."

ఆ రోజుల్లో పార్టీ లేని రంగు లేదన్న మాట నిజమే. కుక్కకు ఓటు లేదన్న మాట మాత్రం మనవాడికి తట్టలేదు. కుక్క బొమ్మ చూస్తే బంద్ చేసేవాళ్లు తమనే కుక్కలన్నాడనుకుంటారని దాన్నీ కొట్టేశాడు. చిరునామాలో రాష్ట్రం పేరు దగ్గరికొచ్చేసరికి చెమటలు పట్టాయి. చివరకు రంగూ, బొమ్మా, పేరూ, ఊరూ ఏదీ లేకుండా లోపలిది కనిపించే ఒట్టి ప్లాస్టిక్ సంచి ఎంచుకున్నాడు. పైగా దాన్ని ముందుచూపు అని భార్య శిరీషకు చెప్పుకుని మురిశాడు. నాకైతే అతని మీద రవ్వంత జాలి కూడా లేదు.

సరుకు పంపే రోజున మియాపూర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యి వెలిగించి, అక్కడే వండుకు తిని, బండ్లు ఆపేసే నిరసన అది. డ్రైవర్ ఓదెలు వ్యాను ఆపాడు. వంట చూస్తున్న రుక్కమ్మ వచ్చి అట్టపెట్టెలోకి తొంగిచూసింది.

"ఏంది సార్ ఇవి, ఒట్టి తునకలా?" ఎండబెట్టిన మాంసాన్ని అక్కడ అలాగే అంటారు.

ఉన్నమాట చెబితే సరిపోయేది. ఓదెలు పక్కన కూర్చున్న నారాయణప్ప నవ్వు తెచ్చుకున్నాడు.

"ఔనక్కా. మీ కోసరమే తెచ్చినా."

ఓదెలు అతని వంక ఒకసారి చూసి, దిగి, ఒక సంచి పట్టుకుపోతున్న రుక్కమ్మ వెనకే పొయ్యి దగ్గరికి నడిచాడు. కాసేపటికి ఆమె నారాయణప్పను బండి దింపి కూర్చోబెట్టి, ముందు విస్తరి వేసింది. వేడన్నం, దాని మీద ఆ తునకల కూర.

"తెచ్చినోళ్లు ముందుగాల తినాలె" అంది.

చుట్టూ జనం నిలబడి చూస్తున్నారు. నారాయణప్ప తిన్నాడు. "మస్తుగున్నది" అని ఈ ప్రాంతపు మాట కూడా కలిపాడు. మెతుకు మిగల్చలేదు.

చేయి కడుక్కుంటుండగా దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. ప్రారంభం అయిపోయింది, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. ఫోన్ జేబులో పెట్టుకుని తలెత్తితే మిగతా విస్తళ్లన్నింటిలో పప్పే కనిపించింది.

"మీరు తినలేదా అక్కా?"

"అవి ఏందో ఓదెలు చెప్పిండు సార్" అంది రుక్కమ్మ గరిటె కడుగుతూ. "పొద్దుగాల పాలబండిని ఇడిసినం, దవాఖాన బండిని ఇడిసినం. సంచి మీద కుక్క బొమ్మ ఒక్కటి ఉంటే మీ బండిని గూడ ఎప్పుడో ఇడుస్తుంటిమి. నోరులేని జీవాలతోని మాకేం కొట్లాట?"